పికడిల్లీ కిటికీలో సవాలు తాళం

లండన్ పికడిల్లీ వీధిలో 124వ నంబరు దుకాణం కిటికీలో ఒక తాళం కప్ప దశాబ్దాల తరబడి ఉండేది. చెవి లేకుండా దాన్ని తెరిచే పనిముట్టు చేసి తెచ్చినవాడికి అక్కడికక్కడే 200 గినీలు ఇస్తామని పక్కనే ప్రకటన. దుకాణం జోసెఫ్ బ్రామాది. యార్క్‌షైర్ రైతు బిడ్డ, వడ్రంగం నేర్చి లండన్ చేరాడు. తాళానికి 1784లో పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందే మెరుగైన మరుగుదొడ్డికి ఒక పేటెంటు, తర్వాత హైడ్రాలిక్ ప్రెస్సుకు మరొకటి. కిటికీలోని తాళాన్ని 1790లో చేసిపెట్టినవాడు హెన్రీ మాడ్‌స్లే. ఆనాటికి కుర్ర పనివాడు, తర్వాత యంత్రాల తయారీలో మహా ఘనుడు. బ్రామా 1814లో పోయాడు. తాళం మాత్రం కిటికీలోనే ఉంది, సవాలూ అలాగే ఉంది.

ఇంతలో మరో పోటీదారు వచ్చాడు. 1817లో పోర్ట్స్‌మత్ నౌకా కర్మాగారంలో దొంగతనం జరిగింది. దొంగ తాళం చెవులకు లొంగని తాళం కావాలని ప్రభుత్వం అడిగింది. మరుసటి ఏడాది జెరెమయా చబ్ ఒకటి తయారుచేశాడు. అందులో తమాషా ఏమిటంటే, లోపలి లీవర్లలో దేన్నయినా మోతాదు మించి లేపితే ఒక స్ప్రింగు దాన్ని పట్టేస్తుంది. ఇక అసలు చెవి పెట్టినా తెరుచుకోదు. అంటే తాళం మీద ఎవరో చెయ్యి వేశారని యజమానికి తెలిసిపోతుంది. పోర్ట్స్‌మత్ రేవులోని ఖైదీల ఓడలో తాళాల పని తెలిసిన ఒక నేరస్తుడుంటే, దీన్ని తెరిస్తే క్షమాభిక్ష, పైగా బహుమతి అన్నారు. నెలల తరబడి కుస్తీపట్టి చేతులెత్తేశాడు. చబ్ కంపెనీకి అంతకన్నా మంచి ప్రకటన ఏం కావాలి? ఇంగ్లండులో ఇల్లుగలవారంతా నిశ్చింతగా నిద్రపోయారు.

ఆ నిద్ర చెడగొట్టింది ఆల్ఫ్రెడ్ హాబ్స్. అమెరికా వాడు, తన కంపెనీ తాళాలు అమ్ముకోవడానికి 1851 లండన్ మహా ప్రదర్శనకు వచ్చాడు. జులై 22న వెస్ట్‌మిన్‌స్టర్‌లోని ఒక ఇంట్లో, సాక్షుల ఎదుట, ఇనుప తలుపుకున్న చబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తెరిచాడు. మళ్లీ వేసి చూపించాడు కూడా. తాళానికి చిన్న గీత పడలేదు.

ఎలా చేశాడో చూడండి. ఎంత నేర్పుగా చేసినా లోహపు పలకలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా సరిగ్గా కుదరవు. గడియను వెనక్కి లాగుతున్నట్టు కొద్దిపాటి బరువు మోపి ఉంచితే, ఆ ఒత్తిడంతా ముందుగా ఒక్క లీవరు మీదే పడుతుంది. దాన్ని మెల్లగా ఎత్తితే తన స్థానంలో కుదురుకుంటుంది. అప్పుడు భారం ఇంకోదాని మీదికి పోతుంది. పొరపాటున ఎక్కువ లేపితే చబ్‌గారి స్ప్రింగు పట్టేస్తుంది కదా, ఏ లీవరు ఎక్కడ హద్దు దాటిందో అదే హాబ్స్‌కు చెప్పేసింది. కాపలాకు పెట్టిన కుక్కే దొంగకు దారి చూపించిందన్నమాట.

తర్వాత వంతు బ్రామా తాళానిది. నెల గడువిచ్చారు. 16 రోజుల మీద మొత్తం 51 గంటలు పనిచేసి దాన్నీ తెరిచాడు. ఇన్ని గంటలు కూర్చోనిచ్చే ఇల్లు ఎక్కడుంటుందని బ్రామా వారసులు గొణిగారు. అయినా 200 గినీలు ఇచ్చారు. వాళ్ల వాదనా కొట్టిపారేసేది కాదు. ఏ తాళమైనా ఇంటికి కొనిపెట్టేది కాస్త సమయమే. దొంగ దగ్గర అంత సమయం ఉండదు కనుకే అది పనికొస్తుంది. ‘ఎవరూ తెరవలేరు’ అన్న మాటే వాళ్ల కొంప ముంచింది.

పత్రికల్లో గగ్గోలు లేచింది. తాళాల లోపాలు బయటపెడితే దొంగలకు పాఠం చెప్పినట్టు కాదా అని కొందరు దుమ్మెత్తి పోశారు. దొంగలకు ఆ పాఠాలు ఎప్పుడో వచ్చు, తెలియనిది ఇల్లుగలవాడికే అన్నది హాబ్స్ వైపు జవాబు. నా ఓటు హాబ్స్‌కే. లోపం బయటపడ్డాకనే అక్కడి తాళాలు బాగుపడ్డాయి. హాబ్స్ కంపెనీ తాళాన్ని కూడా కొన్నేళ్లకే ఇతరులు తెరిచి చూపించారు. ఇవాళ మన ఫ్లాట్ల తలుపులకు కనిపించే, పిన్నులతో పనిచేసే సిలిండర్ తాళానికి 1860లలో రూపు దిద్దిన లైనస్ యేల్ వారిలో ఒకడు.

మన దగ్గర కథ వేరు. మట్టిగోడల ఇంట్లో దొంగకు తలుపుతో పనేముంది? గోడకు కన్నం వేసేవాడు. సంస్కృత నాటకం ‘మృచ్ఛకటికం’లో దొంగ శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి వేసిన కన్నమైతే సాక్షాత్తూ కళాఖండం, కొలత తీయడానికి జంధ్యం వాడతాడు. లోపలివాళ్లు ఎంత గట్టి అడ్డగడియ బిగించుకున్నా గోడ గోడే. గోడలు గట్టిపడ్డాకే ఇక్కడ తాళానికి పని పెరిగింది.

వకీలు వృత్తి వదిలేసిన అర్దేషిర్ గోద్రెజ్ 1897లో బొంబాయి లాల్‌బాగ్‌లో ఒక షెడ్డులో తాళాల తయారీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఇనప్పెట్టెలు, ఇంకొన్నేళ్లకు ఉక్కు బీరువాలు. తెలుగిళ్లలో ‘గోద్రెజ్ బీరువా’ అంటే కంపెనీ ఏదైనా సరే, ఇనుప బీరువా అనే అర్థం. పెళ్లి సారెలోకీ చేరింది. నగలన్నీ లోపలి లాకర్‌లో, లాకర్ చెవి అదే బీరువాలో పట్టుచీరల మడతల కింద, బీరువా చెవి దేవుడి పటం వెనక. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బయటి దొంగకు కూడా ఈ చెవులు వెతకడానికి హాబ్స్‌లా 51 గంటలు అక్కర్లేదు.