పాస్‌వర్డ్ పుట్టుపూర్వోత్తరాలు

1950ల చివరి వరకు కంప్యూటర్ ఒక సమయంలో ఒకరి పని మాత్రమే చేసేది గనుక, దానిలోని ప్రోగ్రాములకు తాళం వేయవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. పరిశోధకుడు తన ప్రోగ్రామును చిల్లుల కార్డుల మీద కొట్టించి, ఆ కట్టను ఆపరేటర్‌కు అప్పగించి, కొన్ని గంటల తరువాతనో మరునాడో అచ్చయిన ఫలితాన్ని అందుకునేవాడు. పని ముగిశాక ప్రోగ్రాము యంత్రంలో నిలవక, కార్డుల కట్టగానే యజమాని చేతికి తిరిగి చేరేది. 'బ్యాచ్ ప్రాసెసింగ్' అని పిలిచే ఈ పద్ధతిలో భద్రత అంటే బల్ల సొరుగుకు వేసిన తాళమే. యంత్రం పదిమందికీ ఒకేసారి అందుబాటులోకి వచ్చి, వారందరి ప్రోగ్రాములూ అందులోనే నిలవ ఉండడం మొదలైనప్పుడు గాని ఏది ఎవరిదన్న ప్రశ్న తలెత్తలేదు.

ఆ మార్పు అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.)లో మొదలైంది. కంప్యూటర్ తన కాలాన్ని చిన్నచిన్న తునకలుగా కోసి ఒక్కొక్క వాడుకరికి ఒక్కొక్క తునక వంతుల వారీగా ఇస్తూ పోతే, అందరికీ అది తమ ఒక్కరి కోసమే పనిచేస్తున్నట్టు అనిపిస్తుందన్న ఆలోచనను జాన్ మెకార్తీ 1959 జనవరి 1 తేదీ గల ఒక పత్రంలో ప్రతిపాదించారు. 'టైమ్ షేరింగ్' అనే ఈ పద్ధతిని ఫెర్నాండో కొర్బాటో బృందం ఐ.బి.ఎం. 709 యంత్రం మీద అమలు చేసి 1961 నవంబరులో ప్రదర్శించింది. కంపాటిబుల్ టైమ్ షేరింగ్ సిస్టమ్, పొట్టిగా సి.టి.ఎస్.ఎస్., అని పేరు పొందిన ఆ వ్యవస్థ తరువాత ఐ.బి.ఎం. 7094 మీదికి మారి, టైపు యంత్రాల వంటి టెర్మినళ్ళ ద్వారా సుమారు 30 మందికి ఏకకాలంలో సేవలందించే స్థితికి చేరింది.

పాస్‌వర్డ్ ఈ వ్యవస్థలోనే రూపు దిద్దుకుంది. అయితే అది రహస్య రక్షణ కోసం కంటే జమాఖర్చుల కోసమే ఎక్కువగా పుట్టిందన్న సంగతి గుర్తించదగినది. కంప్యూటర్ కాలం అపారమైన ఖరీదుగల సరుకు కాబట్టి, ప్రతి వాడుకరికీ ఒక సమస్య సంఖ్య, ఒక ప్రోగ్రామర్ సంఖ్య కేటాయించి, వారానికి ఇన్ని గంటలని వంతు వేసేవారు. 'లాగిన్' అనే ఆజ్ఞతో తన పేరు చెప్పుకున్న మనిషి నిజంగా అతనేనని తేల్చుకోకపోతే ఒకరు వాడిన గంటలు ఇంకొకరి ఖాతాలో పడతాయి. తేల్చుకోవడానికి అన్నిటికంటే చౌకైన మార్గం ఒక మాట అడగడం. వాడుకరి ఆ మాట కొట్టేటప్పుడు కాగితం మీద అది అచ్చు పడకుండా టెర్మినల్‌ను మౌనంగా ఉంచే ఏర్పాటు కూడా ఆనాడే జరిగింది. లోపలికి వచ్చిన మనిషికి తన ఫైళ్ళు, తన ప్రోగ్రాములు మాత్రమే కనిపించేవి. ఇతరుల వాటిని వాడుకోవాలంటే యజమాని అనుమతి ఇవ్వాలి. అన్ని అనుమతులకూ మూలం మాత్రం గుమ్మం దగ్గర అడిగే ఆ ఒక్క మాటే.

ఇంత పకడ్బందీగా గుమ్మం కట్టిన నిర్మాతలు పాస్‌వర్డులన్నిటినీ యంత్రంలోనే ఒక ఫైలులో, ఏ మార్పూ లేకుండా, చదవడానికి వీలైన అక్షరాలతో రాసిపెట్టారు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి కేటాయించిన 4 గంటలు తన పనికి చాలలేదు. ఏ ఫైలునైనా అచ్చు వేయించమని చిల్లుల కార్డుతో అభ్యర్థన పెట్టుకునే వీలుందని గమనించిన ఆయన, ఒక శుక్రవారం రాత్రి పాస్‌వర్డుల ఫైలు పేరుతోనే అభ్యర్థన పెట్టి, మరునాడు వెళ్ళి ఆ కాగితాలు తీసుకున్నారు. పాపభారం పంచుకోవడానికి ఆ పట్టికను ఇతరులకూ ఇచ్చానని, వారిలో కంప్యూటర్ శాస్త్రవేత్త జె.సి.ఆర్. లిక్‌లైడర్ ఒకరని ఆయనే అనేక సంవత్సరాల తరువాత చెప్పుకున్నారు. కంప్యూటర్ చరిత్రలో నమోదైన తొలి పాస్‌వర్డ్ చౌర్యాలలో ఒకటైన దీనికి కారణం దురాశ కాదు, గంటల కొరత. పాస్‌వర్డ్ పుట్టిందీ ఆ కొరత వల్లనే.

దొంగ లేకుండానే జరిగిన నష్టం మరొకటి ఉంది. 1960ల మధ్యలో ఒకనాటి మధ్యాహ్నం సి.టి.ఎస్.ఎస్.లో లాగిన్ అయిన వారందరికీ, రోజూ కనిపించే స్వాగత సందేశానికి బదులు, మొత్తం వాడుకరుల పాస్‌వర్డుల పట్టిక టెర్మినళ్ళ మీద అచ్చు కాసాగింది. ఆనాటి ఎడిటర్, అంటే ఫైళ్ళను దిద్దే ప్రోగ్రాము, దిద్దుబాటు సాగుతున్నంతసేపూ ఒకే పేరుగల తాత్కాలిక ఫైలును వాడేది. వ్యవస్థను నిర్వహించే ఇద్దరు ఒకే ఖాతా నుంచి ఒకే సమయంలో, ఒకరు సందేశాన్ని, ఇంకొకరు పాస్‌వర్డుల ఫైలును దిద్దబోగా రెండూ తారుమారయ్యాయి. కొర్బాటో తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో ఈ ఉదంతాన్ని స్వయంగా వివరించారు. ఈ రెండు ఘటనల్లోనూ ఎవరూ ఎవరి పాస్‌వర్డునూ ఊహించలేదు, బలహీనమైన మాట ఎంచుకున్న వాడుకరి తప్పూ లేదు; యంత్రం దగ్గర రహస్యం ఉన్నంతకాలం అది ఏదో ఒక దారిన బయటపడక తప్పదన్నదే ఇక్కడ తేలిన విషయం.

యంత్రానికే రహస్యం తెలియకుండా చేయడమన్న పరిష్కారం ఇంగ్లండులో దొరికింది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోని టైటన్ యంత్రం కోసం రోజర్ నీడమ్ అనుసరించిన పద్ధతిని మారిస్ విల్క్స్ 1968లో వెలువరించిన తన టైమ్ షేరింగ్ గ్రంథంలో వివరించారు. ఒక దిశలో సులువుగా లెక్క కట్టగలిగి, ఫలితం నుంచి మూలానికి వెనక్కి వెళ్ళడం మాత్రం దుర్లభమైన గణిత ప్రక్రియను ఏకముఖ ప్రమేయం అంటారు. పాస్‌వర్డును దాని గుండా పంపి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే ఫైలులో ఉంచి, లాగిన్ సమయంలో వాడుకరి కొట్టిన మాటను మళ్ళీ అదే ప్రక్రియకు లోను చేసి, రెండు ఫలితాలనూ పోల్చి చూస్తే సరిపోతుంది. ఈ శాస్త్రంలో ఇంత సరళమైన ఆలోచనలు తక్కువ.

అందరూ దీనిని వెంటనే స్వీకరించలేదు. ఎం.ఐ.టి.లోనే కృత్రిమ మేధ ప్రయోగశాల వారు నిర్మించుకున్న ఐ.టి.ఎస్. వ్యవస్థ మొదట్లో పాస్‌వర్డులే లేకుండా నడిచింది. 1970ల తొలినాళ్ళలో పి.డి.పి.-10 యంత్రాల మీద వ్యాపించిన టెనెక్స్ వ్యవస్థలో ఇతరుల డైరెక్టరీని, అంటే ఫైళ్ళ గూటిని, తెరవడానికి పాస్‌వర్డ్ కావాలి. అందులో బయటపడిన లోపం సూక్ష్మమైనది. ఆ వ్యవస్థలో జ్ఞాపకశక్తి పేజీలుగా విభజించి ఉండేది, పోలిక ఒక్కొక్క అక్షరంగా సాగి తొలి తప్పు దగ్గరే ఆగిపోయేది. ఊహించిన మాటలోని మొదటి అక్షరాన్ని ఒక పేజీ చివరన, మిగిలినవాటిని అప్పటికి జ్ఞాపకశక్తిలో లేని తరువాతి పేజీలో పడేటట్టు అమర్చితే, మొదటి అక్షరం తప్పయినప్పుడు యంత్రం వెంటనే తిరస్కరిస్తుంది, ఒప్పయినప్పుడు రెండో పేజీ కోసం వెతుక్కుంటుంది. ఆ తేడాను ప్రోగ్రాము పసిగట్టగలదు గనుక, ఒక్కొక్క అక్షరానికి అత్యధికంగా 128 ప్రయత్నాలతో పాస్‌వర్డంతా వరుసగా బయటపడుతుంది. ఆ లోపమే లేకపోతే ప్రతి అదనపు అక్షరంతోనూ ప్రయత్నాల సంఖ్య 128 రెట్లు పెరగవలసింది.

పాస్‌వర్డ్ నేటి రూపానికి దగ్గరయినది బెల్ ప్రయోగశాలల్లో పుట్టిన యూనిక్స్‌లో. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన ఎం-209 గూఢలిపి యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామును తొలుత అందులో ఏకముఖ ప్రమేయంగా వాడారు. దాని లోపమేమిటో రాబర్ట్ మోరిస్, కెన్ టాంసన్ 1979లో ప్రచురించిన వ్యాసంలో చూపారు: అది మరీ వేగవంతమైనది. పి.డి.పి.-11/70 యంత్రం మీద ఒక్కొక్క మాటకు 1.25 మిల్లీసెకన్లే పట్టేది కాబట్టి, చిన్నబడి అక్షరాలు ఆరింటితో కుదిరే దాదాపు 31 కోట్ల కూర్పులనూ 107 గంటల్లో పరీక్షించవచ్చు. వాడుకరుల నుంచి సేకరించిన 3,289 పాస్‌వర్డులలో 2,831, అంటే 86 శాతం, మరీ పొట్టివిగానో నిఘంటువులో దొరికేవిగానో తేలాయి.

దీనికి వారు రెండు విరుగుడులు చేశారు. డి.ఇ.ఎస్. అనే గూఢలిపి పద్ధతిని 25 సార్లు వరుసగా నడిపి లెక్కను కావాలనే నెమ్మదింపజేయడం మొదటిది. 'సాల్ట్' పేరుతో 4,096 విలువలలో ఒకదానిని ఎంచి ప్రతి పాస్‌వర్డుకూ కలపడం రెండవది. దీనివల్ల ఇద్దరు ఒకే మాట ఎంచుకున్నా ఫైలులో వేర్వేరు ఫలితాలు కనిపిస్తాయి, నిఘంటువు మొత్తాన్నీ ముందుగానే లెక్కకట్టి ఉంచుకోవాలనుకునేవారి శ్రమ 4,096 రెట్లవుతుంది. తన పాస్‌వర్డ్ తాను మార్చుకోవలసిన వాడుకరికి ఆ ఫైలులో రాసే హక్కు ఉండకూడదన్న చిక్కును వారి సహోద్యోగి డెన్నిస్ రిచీ, ప్రోగ్రాము నడుస్తున్నంతసేపు నడిపేవారి హక్కులకు బదులు దాని యజమాని హక్కులనే పొందే ఏర్పాటుతో విప్పారు. ఆ ఏర్పాటుకు 1979లో పేటెంటు లభించింది.

అయినా ఫలితాల ఫైలు అందరూ చదవగలిగినదిగానే ఉండిపోయింది, వాడుకరుల పేర్లూ సంఖ్యలూ అందులోనే ఉండడం దానికి కారణం. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను స్తంభింపజేసిన 'వార్మ్', అంటే తనంతట తానే వ్యాపించే ప్రోగ్రాము, ఆ ఫైలు ముందు కూర్చుని, వాడుకరి పేరును, దాని తిరగేసిన రూపాన్ని, తన వెంట తెచ్చుకున్న 432 మాటలను వరుసగా ప్రయత్నించింది. దానిని రాసిన కార్నెల్ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్, పైన చెప్పిన వ్యాసకర్త మోరిస్ కుమారుడే. ఫలితాలను నిర్వాహకుడు మాత్రమే చదవగల వేరే ఫైలులోకి తరలించే 'షాడో' పద్ధతి ఆ కాలంలోనే వ్యాప్తిలోకి వచ్చింది. ఇళ్ళకు చేరిన కంప్యూటర్లు మాత్రం ఈ పాఠాలన్నిటినీ ఆలస్యంగా నేర్చాయి: విండోస్ 95 అడిగే పాస్‌వర్డ్ పెట్టెను 'క్యాన్సిల్' నొక్కి తోసేసి లోపలికి పోవచ్చు.

టాంసన్ సొంత పాస్‌వర్డ్ ఫలితం ఒక పాత యూనిక్స్ ఫైలులో దశాబ్దాల పాటు భద్రంగా మిగిలి, 2019లో గాని వీడలేదు. బొమ్మలు గీయడానికి రూపొందించిన ఒక ఆధునిక గ్రాఫిక్స్ కార్డుకు కూడా దానిని ఛేదించడానికి నాలుగు రోజులకు పైగా పట్టింది. చదరంగంలో మంత్రి ముందున్న బంటును రెండు గడులు ముందుకు నడిపే తొలి ఎత్తును, పాత పద్ధతి సంకేతాలలో, ఆ ప్రమేయం అనుమతించే గరిష్ఠ పరిమితి అయిన 8 అక్షరాలకు సరిగ్గా సరిపోయేలా టాంసన్ రాసుకున్నారు.