తాండూరు నేలల అంచనా: ఆనాల నుంచి మట్టి కార్డు దాకా

వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టలది ఎర్రని లాటరైట్ మట్టి. అక్కడ పుట్టిన మూసీ తూర్పుకు పారుతుంది. పడమట, భీమా నదిలో కలిసే కాగ్నా వెంట తాండూరు చేరేసరికి నేల నల్లబడుతుంది. అడుగున సున్నపురాయి. ఇళ్లలో పరిచే తాండూరు బండలూ, ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీల ముడిసరుకూ అదే. నల్లరేగడి, చెల్క, దుబ్బ, చౌడు అంటూ రైతులు నేలను ఏనాడో వేరుచేసుకున్నారు.

సర్కారుకు మాత్రం శిస్తు కోసం అంకె కావలసి వచ్చింది. మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల వెంట నిజాం రాజ్యంలో మొదలైన సర్వే సెటిల్‌మెంటు బొంబాయి పద్ధతిని అనుసరించింది. 1847 నాటి ఉమ్మడి నివేదికలో స్థిరపడిన ఆ పద్ధతిలో మేలైన నేల విలువ 16 ఆనాలు, అంటే నిండు రూపాయి. రంగు, లోతు చూసి తరగతి కట్టేవారు. సున్నపు గుళ్లు, ఇసుక, వాలు, నీరు నిలవడం వంటి ఒక్కో దోషానికీ తరగతి తగ్గేది. ఉద్దేశం పన్నే అయినా, చూపు మాత్రం పదునైనదే.

తరువాత పని ప్రయోగశాలకు మారింది. సేంద్రియ కర్బనానికి 1934 నాటి వాక్లీ–బ్లాక్ పరీక్ష, సున్నం ఎక్కువున్న నేలల్లో భాస్వరానికి 1954 నాటి ఓల్సెన్ పద్ధతి, నత్రజనికి 1956లో సుబ్బయ్య, అసిజా ప్రకటించిన విధానం వాడుకలోకి వచ్చాయి. 2015 ఫిబ్రవరి 19న మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకం 12 అంశాలను రైతు చేతికిచ్చింది. ఎరువుల మోతాదు తేల్చడానికి అది బాగా పనికొస్తుంది.

కానీ నమూనా తీసేది సాధారణంగా పై 15 సెంటీమీటర్ల మట్టిలోనే. తాండూరు కంది వానాకాలంలో విత్తితే డిసెంబరు, జనవరి దాకా చేలో ఉంటుంది. వానలు వెళ్లాక రేగడి లోతుల్లో దాగిన తేమే దానికి ఆధారం. ఆనాల లెక్కలో ముందు వరసన నిలిచిన లోతుకు కార్డులో గడే లేదు.

కంది వేరు కూడా పరీక్షల అంచనాను తారుమారు చేయగలదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధకులు 1990లో 'సైన్స్' పత్రికలో చూపిన సంగతి ఇది: వేరు నుంచి ఊరే పిసిడిక్ ఆమ్లం ఎర్ర నేలల్లో ఇనుముతో బిగుసుకుపోయిన భాస్వరాన్ని విడిపిస్తుంది. మామూలు పరీక్షలో తక్కువగా కనిపించే భాస్వరంతోనే కంది నెట్టుకురాగలదన్నమాట.

యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తుతో 2022 డిసెంబరులో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పప్పు ప్రత్యేకతకు చెప్పిన కారణాల్లో ఇక్కడి నల్ల నేలలోని అట్టాపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం ఒకటి. కార్డులోని 12 అంశాల్లో అదీ లేదు.