రిసీవర్ పోతే కీబోర్డు పోయినట్టే

1984లో ఐబీఎం పీసీజూనియర్‌తో వచ్చిన కీబోర్డుకు వైరు లేదు. టీవీ రిమోట్‌లా ఇన్‌ఫ్రారెడ్‌తో నడిచేది, ఏదైనా అడ్డొస్తే మూగబోయేది. 1991లో లాజిటెక్ రేడియో మౌస్ తెచ్చాక ఆ బాధ తప్పింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు 27 మెగాహెర్ట్జ్‌దే రాజ్యం. అరచేతిలో పట్టేంత రిసీవర్, దానికో వైరు, పైన 'కనెక్ట్' బటన్. ముందు అది నొక్కి, తర్వాత కీబోర్డు అడుగున ఉన్న బటన్ నొక్కితే రెండూ కలిసేవి. అంత పాత సరుకు కూడా, రిసీవర్ యూఎస్‌బీదైతే, ఈనాటి డెస్క్‌టాప్‌లో చాలావరకు పనిచేస్తుంది. లోపల రేడియో ఉందన్న సంగతే కంప్యూటర్‌కు తెలియదు. మామూలు వైరు కీబోర్డే తగిలించారనుకుంటుంది. మల్టీమీడియా బటన్లు మాత్రం మొరాయించవచ్చు. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడానికి మాత్రం దాన్ని వాడకండి: ఆ తరం మైక్రోసాఫ్ట్ కీబోర్డుల సంకేతాలను గాల్లోనే పట్టి చదవవచ్చని 2007లోనే పరిశోధకులు చూపించారు.

రిసీవర్ గొడవే ఉండదని ఆశపెట్టింది బ్లూటూత్. 1994లో ఎరిక్సన్‌లో మొదలైన ఈ పని 2003 నాటికి కీబోర్డులు, మౌస్‌ల దాకా వచ్చింది. నిజానికి కొత్త డెస్క్‌టాప్‌తో ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. కొన్ని మదర్‌బోర్డుల్లో బ్లూటూత్ ఉండదు. ఉన్నా, విండోస్ లేచేదాకా కీబోర్డు సాధారణంగా పలకదు కాబట్టి బయోస్‌లోకి వెళ్లడానికి వైరుది వెతుక్కోవాలి. పాత కంప్యూటర్ పక్కగదిలో ఆన్‌లో ఉంటే కీబోర్డు దానికే అతుక్కుంటుంది. కొత్తదానితో జతచేసేటప్పుడు తెరమీద అంకెలు కనిపిస్తే, వాటిని అదే కీబోర్డుమీద కొట్టి, చివర ఎంటర్ నొక్కాలి. ఆ ఎంటర్ మరిస్తే కీబోర్డు పాడైందనిపిస్తుంది.

2009లో లాజిటెక్ యూనిఫైయింగ్ వచ్చింది: గోరంత రిసీవర్, దానికి ఆరు పరికరాల దాకా. అది పోయినా మరో యూనిఫైయింగ్ రిసీవర్ కొని జతచేసుకోవచ్చు. చవక సెట్లలో ఆ వెసులుబాటు అరుదు. రిసీవర్ పోతే కీబోర్డు అటకెక్కాల్సిందే. 2021లో అదే కంపెనీ తెచ్చిన బోల్ట్, యూనిఫైయింగ్‌తో కలవదు. భద్రత కోసమే అన్నారు, కానీ కొన్నవాళ్ల సొరుగులో ఒకేలా కనిపించే రెండు రిసీవర్లు చేరాయి.

కొత్త డెస్క్‌టాప్‌లో మరో చిక్కుంది. యూఎస్‌బీ 3 నుంచి వెలువడే రొద, ఈ రిసీవర్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియోకు అడ్డొస్తుందని ఇంటెల్ 2012లోనే రాసింది. వెనక పోర్టులో హార్డ్‌డిస్క్ పక్కన రిసీవర్ పెడితే మౌస్ బాణం గెంతుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రిసీవర్‌ను బల్లమీదికి తెస్తే చాలాసార్లు కుదుటపడుతుంది. 2024 మ్యాక్ మినీలో అయితే పాత వెడల్పాటి యూఎస్‌బీ రంధ్రమే లేదు. టైప్-సీ అడాప్టర్ ముందే కొనుక్కోవాలి.