పాత కారులో పాటపెట్టె

జగిత్యాల ప్రాంతమున మా అన్నగారి లోగిలిలో, వేపచెట్టు నీడను, మా తండ్రిగారు 1972లో కొన్న అంబాసిడరు కారొకటి నేటికిని నిలిచియున్నది. ఏడాదికి నాలుగైదు మారులు, ధర్మపురికో కొండగట్టుకో వేములవాడకో పోవునపుడు, అది కదలును. మొన్నటి సంక్రాంతికి అన్నగారి మనుమడు నా యొద్దకు వచ్చి, "చిన్నతాతా, ఈ బండిల పాట లేకుంటె ఎట్ల? స్టీరియో పెట్టిస్త. తాతకు నువ్వే చెప్పాలె" అనెను. అన్నగారు లోపలినుండియే విని, "తమ్మీ, పెట్టెను పెట్టనీ గాని బండిని కొయ్యనియ్యకు" అనిరి. ఈ మాటకు వెనుక కొంత చరిత్రము కలదు. దానినే నేడు విన్నవించెదను.

మోటారు బండికిని పాటకును పొత్తు గట్టిగా కుదిరినది 1930లో. అమెరికా దేశమున షికాగో నగరమందు పాల్ గాల్విన్ అను వర్తకుడు కారులో అమర్చదగిన రేడియోను సిద్ధపరచి, ఆ యేటి జూను మాసమున అట్లాంటిక్ సిటీలో జరిగిన రేడియో తయారీదార్ల సభకు ఆ కారులోనే పోయెను. సభలో అంగడి పెట్టుటకు ఆయనకు స్థలము లేదు. మంటపము వెలుపల కారు నిలిపి, పెట్టెను గట్టిగా పాడించి, వచ్చిపోవువారిని పిలిచి వినిపించెను. ఆ పెట్టెకు మోటరోలా అని పేరు పెట్టినదియు ఆయనయే. ఒక బ్యాంకు అధికారిని మెప్పించి అప్పు పొందుటకై అతని కారులో పెట్టెను బిగింపించగా, అరగంటలో ఆ కారు నిప్పంటుకొన్నదని ఒక కథ నేటికిని చెప్పుకొందురు. కథయో నిజమో గాని, నాకది నమ్మదగినదిగనే తోచును. కారణము ముందు తెలియగలదు.

ఆనాటి పెట్టెలు వాల్వులతో పనిచేయునవి. వాల్వులకు నూరు వోల్టుల పైచిలుకు కావలెను. అమెరికా కారు బ్యాటరీ ఇచ్చునది 6 వోల్టులు. కావున మొదట వేరు బ్యాటరీలను తెచ్చి కారు అడుగు పలకల క్రింద పెట్టెడివారు. పిమ్మట వైబ్రేటరు అను చిన్న మీటను సెకనుకు నూరుమార్లు కొట్టుకొనునట్లు చేసి, ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టులు పెంచుట నేర్చిరి. ఇవి చాలవన్నట్లు ఇంజినులో పుట్టు నిప్పురవ్వ ఒక్కొక్కటియు పాటలో గరగరమని పలికెడిది. దానిని అణచుటకు డైనమోకును కాయిలుకును కండెన్సర్లు తగిలింపవలసి వచ్చెను. 1955లో ట్రాన్సిస్టరులు మాత్రమే గల కారు రేడియో వెలువడిన తరువాత వాల్వుల బాధ తీరినది. గరగర మాత్రము పాత ఇంజినులలో నేటికిని వినవచ్చును.

అదే కాలమున మన సీమ సంగతి వేరు. నిజాము రైల్వేవారు 1932 జూనులో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలిడిరి. హైదరాబాదులో మహబూబ్ అలీ అనువారు 1933లో సొంతముగ నెలకొల్పిన చిన్న రేడియో కేంద్రమును 1935లో నిజాము ప్రభుత్వము స్వీకరించెను. అదియే దక్కను రేడియో. అందు ఉర్దూ ప్రధానము, తెలుగున కొంత పాలు. 1950 ఏప్రిలు 1వ తేదీన అది అఖిల భారత రేడియోలో కలిసెను. ఆ పిమ్మటను చాలకాలము రేడియో కలవాడు తపాలా కార్యాలయమున ఏటేట రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకమున ముద్ర వేయించుకొనవలసియుండెను. మా తండ్రిగారు ఆ పుస్తకమును భూమి కాగితములతోపాటు ట్రంకు పెట్టెలో దాచెడివారు. ఇంటి రేడియోకే ఇంత మర్యాద యుండగా, కారులో మరియొకటి ఏల అని ఆయన అభిప్రాయము. 1972 నాటి మా కారు మూగదిగనే ఇంటికి వచ్చెను.

దానికి నోరు వచ్చినది క్యాసెట్టువలన. ఫిలిప్స్ సంస్థవారు 1963లో తెచ్చిన ఆ చిన్న క్యాసెట్టు ఇరువది యేండ్లలో మన సంతలకును జాతరలకును చేరినది. దానితోనే స్టీరియో అను మాటయు వచ్చినది. రెండు ప్రక్కల రెండు వేర్వేరు ధారలుగ ధ్వనిని పంపి, పాడువాడు ఎదుట నిలిచినట్లు భ్రమింపజేయు ఈ విధానమునకు ఇంగ్లండున ఆలన్ బ్లమ్‌లైన్ 1931లోనే పేటెంటు కోరియుండెను. కారులో కూర్చున్నవాడు ఎల్లప్పుడును ఒక ప్రక్కకే దగ్గరగ నుండునని ఆయనకు తోచెనో లేదో!

1985లో అన్నగారు పట్టణమునకు పోయి, ఒక ఎలక్ట్రీషియనుచేత డెక్కు పెట్టించిరి. అతడు డెక్కును డాష్‌బోర్డు క్రింద వ్రేలాడగట్టి, వెనుక అద్దము క్రింది పలకను రెండుచోట్ల గుండ్రముగ కోసి స్పీకర్లు బిగించెను. ఇంజినుకును మనకును నడుమనున్న ఇనుపగోడకు రంధ్రము పొడిచి, బ్యాటరీ నుండి తీగను నేరుగ లాగెను. రంధ్రమునకు రబ్బరు వాషరు లేదు, తీగకు ఫ్యూజు లేదు. మూడు నెలలకు ధర్మపురి నుండి తిరిగి వచ్చుచుండగా, రాత్రివేళ, పాట నిలిచి పొగ లేచినది. ఇనుప అంచు రాచుకొని తీగ తోలు చినిగి బాడీకి తగిలినదన్నమాట. అన్నగారు బానెటు ఎత్తి బ్యాటరీ పట్టీని చేతితోనే పెరికిరి. వెనుక సీటున మా వదినగారును, ఒడిలో ఏడాది బిడ్డయు నుండిరి. అన్నగారి కుడి అరచేత ఆ మచ్చ నేటికిని కలదు. షికాగో కథను నేను నమ్ముట ఇందుకే.

కావున మనుమనితో నేను మొదట చెప్పినది, బ్యాటరీ ఏ కొస బాడీకి కలిసియున్నదో చూడుమని. అంబాసిడరు ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డు సంతతిది. ఆ పాత ఇంగ్లీషు కారులలో ప్లస్సు కొసను బాడీకి కలిపెడివారు. నేటి పెట్టెలన్నియు మైనసు బాడీకి కలిసినదని తలచి చేసినవి. తారుమారైనచో ఒక్క క్షణమున మాడిపోవును. మాది మైనసే యని తేలినది. రెండవది స్పీకరు తీగల సంగతి. పాత డెక్కులలో అనేకమునకు స్పీకరు యొక్క ఒక తీగను బాడీకే చుట్టెడివారు. నేటి పెట్టెలో స్పీకరునకు పోవు రెండు తీగలును పనిచేయునవే. అందు ఏ ఒక్కటియు ఇనుమునకు తగులరాదు. పాత తీగ ఉన్నదికదా యని దానికే ముడివేసి క్రొత్త పెట్టెను చంపుకొన్నవారిని నేనెరుగుదును. మూడవది డైనమో. మా కారు డైనమో ఇచ్చునది సుమారు 20 ఆంపియర్లు. రాత్రి దీపములు వెలిగినపుడు మిగులునది కొద్ది. డిక్కీలో పెద్ద ఆంప్లిఫయరు పెట్టుదునన్న కుర్రవానికి ఈ లెక్క కాగితముపై వేసి చూపగా అతడే మానుకొనెను.

ఇక కోత సంగతి. నేటి పెట్టెలలో అనేకము జర్మనీ దేశపు కొలత ననుసరించి 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు గల సందున పట్టునట్లు చేయబడుచున్నవి. మా డాష్‌బోర్డులో ఆ కొలత సందు లేదు. కోసినచో పట్టును గాని, కోసిన ఇనుము మరల అతుకదు. అంబాసిడరు తయారీ 2014లోనే నిలిచిపోయినది. మరియొక డాష్‌బోర్డు కావలెనన్న పాత సామానుల దుకాణములు గాలింపవలసినదే. మా ఊరి వడ్రంగి టేకు చెక్కతో గూడు చేసి, ఇదివరకే యున్న మరల ఆధారముతో దానిని క్రింద వ్రేలాడదీసెను. స్పీకర్లను క్రొత్త పలకపై బిగించి, 1985 నాటి ఆ రెండు కోతలపైననే కూర్చుండబెట్టితిమి. తీగకు బ్యాటరీ ప్రక్కనే ఫ్యూజు, రంధ్రమునకు రబ్బరు వాషరు. ఈ రెంటిని అన్నగారు స్వయముగ వ్రేలితో తాకి చూచిరి.

పుష్య అమావాస్యకు కేస్లాపూరు నాగోబా జాతరకు ఆ కారులోనే పోయితిమి. ఆదిలాబాదు రేడియో కేంద్రము 1986లో వెలసినది, నేడు ఎఫ్.ఎం. పై 100.2 వద్ద వినబడును. గుడిహత్నూరు దాటిన తరువాత కుర్రవాడు మీట త్రిప్పగా గోండీ మాటలు వినవచ్చినవి. అన్నగారికి ఒక్క ముక్కయు అర్థము కాలేదు. అయినను ఇంద్రవెల్లి వచ్చువరకు పెట్టెను మార్చనీయలేదు.