చెంచాడు ఆయిలు

ఇలా దగ్గరికి జరుగు నాయనా. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన కారు కొని, ఇంజన్ దించాలా వద్దా అని మూడు రోజులుగా అన్నం సయించక తిరుగుతున్నావంట, మీ అమ్మ చెప్పింది. ఆ ఫోను పక్కన పెట్టు. నా అంబాసిడర్ సంగతి చెబుతా.

పొద్దున స్టార్టు చేయగానే నీలం పొగ బుస్సున వదిలి, కాసేపటికి సర్దుకునేది. తిరుత్తణి కొండ ఎక్కాలంటే ఆయాసం. మీటరులో అంకెలు ఐదే. 99,999 దాటితే మళ్ళీ సున్నాలే. ఎన్నిసార్లు చుట్టుకొచ్చిందో అమ్మినాయన చెప్పలేదు, నేనూ అడగలేదు. గుచ్చి గుచ్చి అడగడం అప్పట్లో మర్యాద కాదు. కాఫీ తాగి, తమలపాకుల మీద డబ్బు పెట్టి తాళం చెవి తీసుకునేవాళ్ళం.

తిరువళ్ళూరులో ఒక షెడ్డుకు తీసుకెళితే, బానెట్ ఎత్తకముందే “ఇంజన్ దించి రీబోరు చేయాల్సిందే, ఐదు వేలు” అన్నారు. బండి కొన్నదే పద్దెనిమిది వేలకు! చారాణా కోడికి బారాణా మసాలా. తిరువళ్ళూరంటే గుర్తొచ్చింది, అంబాసిడర్ చేసే హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళే తర్వాత 1998లో అక్కడ ఫ్యాక్టరీ పెట్టి లాన్సర్ కార్లు తయారుచేశారు. ఆ నున్నటి బండ్లు రోడ్డెక్కితే మన పిల్లకాయలు బడి మరిచి చూసేవాళ్ళు... సరే, మన పొగ దగ్గరికి వద్దాం.

తిరుత్తణిలో ఒక ముసలి మేస్త్రి ఉండేవాడు. 1960లో ఊరు చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయినా, ఆయన తిట్లు మాత్రం తెలుగులోనే ఉండిపోయాయి. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండరుకూ కంప్రెషన్ గేజి పెట్టాడు. మూడింట్లో ముల్లు ఒకే చోటికి ఎక్కింది, నాలుగోదాంట్లో సగానికే నిలిచింది. అందులో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ చూశాడు.

“రింగులు అరిగుంటే ఆయిలు సందు మూసి ముల్లు లేచేది. లేవలేదు చూడు. గాలి పోయేది వాల్వు దగ్గర.”

హెడ్డు ఒక్కటే దించి, వాల్వులు రుద్ది, గైడులు మార్చాడు. ఎనిమిది వందలు తీసుకుని, నాకు భోజనం కూడా పెట్టించాడు.

ఇంజన్ దించే రోజు ఆరేళ్ళకు వచ్చింది. అప్పుడు పొగ కాదు. బండి వేడెక్కాక ఆయిలు లైటు మినుకుమినుకుమనడం, అడుగున టకటక. మేస్త్రి ముందు ఇంజన్ ముట్టుకోలేదురా! స్క్రూడ్రైవరుతో బండి అడుగంతా పొడిచి తుప్పు చూశాడు. ఒళ్ళు గట్టిదని తేలాకే పని మొదలు. పిస్టన్ నెత్తి మీద కొట్టిన సైజు చదివి, “ఇంకొక బోరుకు చోటుంది” అన్నాడు. అది లేకుంటే లైనర్లు వేయాలి, ఖర్చు కొండెక్కేది. క్రాంకు గ్రైండింగుకిచ్చి, బేరింగులు మార్చి, వెనకద్దానికి ‘రన్నింగ్ ఇన్’ చీటీ అంటించాడు. మొదటి ఐదొందల మైళ్ళూ నలభై దాటనివ్వలేదు. ఆ ఆడికృత్తిక పండక్కి మీ అవ్వను ఎక్కించుకుని కొండెక్కాను. ఒక్క దగ్గు లేదు. చింత చచ్చినా పులుపు చావలేదు అంది మీ అవ్వ, నన్నో బండినో!

నీది పెట్రోలు బండే కదా? రేపు పొద్దున నేను వచ్చేదాకా స్టార్టు చేయొద్దు. మొదటి పొగ ఏ రంగో నా కళ్ళతో చూడాలి. వంటింట్లోంచి ఒక చెంచా తెచ్చిపెట్టు, మీ అమ్మ చూడకుండా.