స్క్విడ్ నరం, చేత్తో తిప్పిన మెషిన్

పళ్ళ డాక్టర్ దగ్గర మత్తు ఇంజెక్షన్ తీసుకున్నారా ఎప్పుడైనా? పన్ను పీకుతున్నా నొప్పి తెలీదు కదా. ఎందుకు తెలీదో అర్థం కావడానికి మనకి దారి చూపించింది ఒక స్క్విడ్. అవును, సముద్రంలో దొరికే ఆ మెత్తటి జీవే.

దాని ఒంట్లో దారం లాంటి నరపు పోగు ఒకటుంది. ప్రమాదం వస్తే నీళ్ళు చిమ్మి దూసుకుపోవడానికి సిగ్నల్ దాంట్లోనే వెళ్తుంది. మందం సుమారు అర మిల్లీమీటరు, కొన్నిట్లో ఇంకా ఎక్కువే. మన ఒంట్లో బాగా లావుపాటి పోగు కూడా మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుందంతే! చూస్తే రక్తనాళం అనుకుంటాం. కాదు, నరమేనని 1936లో జె.జెడ్. యంగ్ శాస్త్రవేత్తల దృష్టికి తెచ్చారు.

1939 ఆగస్టు, ఇంగ్లండ్‌లోని ప్లిమత్ లాబ్. అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ ఆ పోగులోకి పొడుగునా సన్నటి గాజు గొట్టం దూర్చి వోల్టేజీ కొలిచారు. సిగ్నల్ వచ్చినప్పుడు మైనస్‌లో ఉన్న వోల్టేజీ సున్నా దాకా వచ్చి ఆగిపోతుందని అప్పటి నమ్మకం. ఆగలేదు. సున్నా దాటి ప్లస్ 40 మిల్లీవోల్టుల దాకా పోయింది. ఎందుకో తేల్చేలోపే యుద్ధం వచ్చి పడింది. హాడ్జ్‌కిన్ రాడార్ పనికి వెళ్ళిపోయారు.

యుద్ధం అయ్యాక జవాబు దొరికింది: సోడియం. బయటున్న సోడియం ఒక్కసారిగా లోపలికి దూకుతుంది, సిగ్నల్ పుడుతుంది. మత్తు ఇంజెక్షన్ ఆ సోడియం దారుల్నే మూసేస్తుంది. ఇక నొప్పి కబురు మెదడుకి చేరదు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పార్ట్. ఈక్వేషన్లు రెడీ, లెక్క కట్టాలి. కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఎడ్శాక్ కంప్యూటర్ ఏమో మార్పుల కోసం ఆర్నెల్లు బంద్! నా జాబ్‌లో సర్వర్ డౌన్ అంటే టీం మొత్తం టీకి వెళ్ళిపోయేవాళ్ళం. హక్స్‌లీ మాత్రం బ్రన్స్‌విగా అనే హ్యాండిల్ తిప్పే లెక్కల మెషిన్ ముందు కూర్చున్నారు. ఒక్క అడుగు లెక్క, దాని ఫలితంతో ఇంకో అడుగు. మనం రాసే ఫర్ లూపే, కాకపోతే చేత్తో. నరం వెంట పరిగెత్తే ఒక్క సిగ్నల్ లెక్కకి దాదాపు మూడు వారాలు పట్టింది.

లెక్కలో వచ్చిన వేగం సెకనుకి 18.8 మీటర్లు. నిజం నరంలో కొలిస్తే 21.2. అంత దగ్గరగా! 1952లో పేపర్లు వచ్చాయి, 1963లో ఇద్దరికీ నోబెల్, జాన్ ఎకల్స్‌తో కలిపి.

మొన్న అవే ఈక్వేషన్లు నేను పైథాన్‌లో రాసి రన్ కొట్టాను. టీ కప్పు ఎత్తేలోపే గ్రాఫ్ వచ్చేసింది. ఎందుకో కాస్త సిగ్గేసింది.