గొట్టం కొలత ఎవరి నిర్ణయం?

మా ఊరి బడిలో ఎన్నికలు జరిగినప్పుడల్లా వరండాలో ఒక కానిస్టేబులు కర్రదిమ్మె ఉన్న పొడవాటి తుపాకి పట్టుకొని నిలబడేవాడు. దానిని అందరూ 'త్రీనాట్‌త్రీ' అనేవారు. అది ఆ తుపాకి పేరని చాలాకాలం అనుకున్నాను. పేరు కాదు, కొలత అని తెలిశాక మరొక ప్రశ్న మిగిలింది: ఆ కొలతే ఎందుకు? ఆ ప్రశ్న వెంట పడి చదువుతూ పోతే, చివరకు తేలిన సంగతులు తుపాకుల గురించి కంటే రాజ్యాల గురించే ఎక్కువ.

ముందుగా కొలత సంగతి. మరతుపాకి గొట్టం లోపల మెలి తిరిగిన చాళ్ళు ఉంటాయి. గుండు వాటిని ఒరుసుకుంటూ బొంగరంలా తిరిగి బయటికి వస్తుంది కనుక దారి తప్పదు. ఆ చాళ్ళ మధ్య గట్ల నడుమ ఉండే వ్యాసమే 'కాలిబర్'. త్రీనాట్‌త్రీలో అది 0.303 అంగుళం, అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు. గుండు మాత్రం చాళ్ళలోకి కూడా ఒదగాలి గనుక 0.311 అంగుళం దాకా ఉంటుంది. బ్రిటిష్ సైన్యం ఈ కొలతను 1888లో లీ-మెట్‌ఫర్డ్ తుపాకితో స్వీకరించింది. 1895లో వచ్చిన లీ-ఎన్‌ఫీల్డ్ దానినే కొనసాగించింది.

అంతకు ముందు మన దేశంలో చరిత్రను మలుపు తిప్పిన కొలత 0.577 అంగుళం. అది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకిది. దాని తూటా కాగితానికి పూసిన కొవ్వు 1857లో ఏమి చేసిందో అందరికీ తెలిసిందే. ఆ తరువాత జరిగినది అంతగా ప్రచారంలో లేదు. తిరుగుబాటు అణగిన పిమ్మట భారతీయ సిపాయిలకు చాళ్ళు లేని నున్నని గొట్టాల తుపాకులు ఇచ్చారు. అదే ఎన్‌ఫీల్డ్ ఆకారం. గొట్టాన్ని మాత్రం సుమారు 0.65 అంగుళం వరకు వెడల్పు చేసి చాళ్ళు లేకుండా చేశారు. చూడడానికి దొర తుపాకీ సిపాయి తుపాకీ ఒకటే. గురి మాత్రం దొరది. 1878 నాటి ఆయుధాల చట్టం ఈ తేడాను పౌరుల దాకా తెచ్చింది. భారతీయునికి లైసెన్సు కావాలి, యూరోపియనుకు అక్కరలేదు.

చట్టం చేయి ఆనని చోట మనిషి ఏమి చేస్తాడు? తానే తయారుచేసుకుంటాడు. పెషావరు, కోహాట్‌ల నడుమ దర్రా ఆదం ఖేల్ అనే ఊరు ఉంది. అక్కడి అఫ్రీదీ తెగ కమ్మరులు పందొమ్మిదో శతాబ్దం చివరినుండి బ్రిటిష్ తుపాకులను చూసి చేతి పనిముట్లతో వాటి నకళ్ళు తయారుచేస్తూ వచ్చారు. మొదట మార్టిని-హెన్రీ, తరువాత లీ-ఎన్‌ఫీల్డ్. అసలు తుపాకి మీది కిరీటపు ముద్రనూ అక్షరాలనూ కూడా చెక్కేవారు. ఇంగ్లీషు రాని చేతులు చెక్కినవి కనుక కొన్నిటి మీద అక్షరాలు తిరగబడ్డాయి. 1901లో విక్టోరియా రాణి మరణించిన తరువాతి సంవత్సరాలు వేసిన తుపాకుల మీద కూడా ఆమె ముద్ర కనిపిస్తుంది.

ఇంట్లో తుపాకి చేసుకునేవాడికి గొట్టం కొలత ఎంచుకొనే స్వేచ్ఛ ఉంటుందని పైకి అనిపిస్తుంది. ఎవరి ఆజ్ఞా లేదు, తన కొలిమి, తన ఇనుము. కాని కొలిమిలో గొట్టం పుడుతుంది గాని, ఒకే కొలతలో వేలకొద్దీ ఇత్తడి తూటాలు పుట్టడం కష్టం. తూటా ఎక్కడ దొరుకుతుందో కొలత అక్కడినుండి వస్తుంది. సైన్యం ఠాణాలనుండి దొంగిలించినవి, కాల్చి పారేస్తే ఏరుకొని మళ్ళీ మందు నింపినవి, మస్కట్ మీదుగా దొంగచాటుగా వచ్చినవి, అన్నీ సామ్రాజ్యం వాడే కొలతలవే. కనుక ఆ సామ్రాజ్యంతో పోరాడే అఫ్రీదీ కమ్మరి దాని కొలతనే తన గొట్టంలో తొలిచాడు. శత్రువు గిడ్డంగే అతని గిడ్డంగి.

ఈ సంగతి పాలకులకూ తెలుసు. 1907 ప్రాంతంలో భారతదేశంలోనూ సూడానులోనూ 0.450 కొలత వేట తుపాకులను నిషేధించారు. మార్టిని-హెన్రీ గొట్టం కొలత కూడా అదే. వేటకోసం వచ్చే గుండ్లు తిరుగుబాటుదారుల చేతికి చేరతాయని భయం. దానితో లండను తుపాకుల వ్యాపారులు పులుల వేటకు వచ్చే దొరలకోసం 0.465, 0.470, 0.475 అని కొత్త కొలతలు పుట్టించారు. అడవిలోని ఏనుగుకు 0.450కీ 0.470కీ తేడా తెలియదు. సర్కారుకు తెలుసు.

త్రీనాట్‌త్రీకీ ఇదే నియమం. సైన్యపు తూటా గనుక పౌరులకు కూడదన్నారు. పౌరులకోసం 0.315 వచ్చింది. అది ఆస్ట్రియా సైన్యపు 8 మిల్లీమీటర్ల మాన్‌లిచర్ తూటా. 0.303 కంటే 0.315 వెడల్పయినదే, మనిషిని చంపడంలో తీసిపోయేదేమీ కాదు. కాని మన సిపాయి తూటా అందులో ఇమడదు, అంతే. స్వాతంత్ర్యం వచ్చింది, 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది, ఈ తర్కం మాత్రం మిగిలింది. ఇషాపూరు కర్మాగారం లైసెన్సుదారులకోసం 0.315 తుపాకులు చేసింది, 0.303 నిషిద్ధ కొలతగా ఉండిపోయింది.

మన నేలమీద ఈ కథకు ఇంకో కొస ఉంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి 26 తుపాకులనూ సుమారు 2,500 తూటాలనూ తీసుకుపోయింది. చాలాచోట్ల ఈ లెక్కలో తుపాకులనే ముందు చెబుతారు. నాకు మాత్రం రెండో అంకె ముఖ్యమనిపిస్తుంది. తుపాకికి సుమారు వంద తూటాలు. అవి అయిపోతే మళ్ళీ సర్కారు ఠాణాకే పోవాలి.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది మన 'బర్మారు'. మూతినుండి మందు కూరి కాల్చే నాటు తుపాకి. దానికి తూటా అక్కరలేదు కనుక కొలత నియమమూ లేదు. సీసపు గుండ్లో, ఇనుప ముక్కలో, ఏది దొరికితే అది. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో రైతులు వడిసెలలతోనూ బర్మార్లతోనూ మొదలుపెట్టి, పోలీసులనుండి, రజాకార్లనుండి లాక్కున్న మరతుపాకుల దాకా వెళ్ళారు. బర్మారు ఎవరి గిడ్డంగి మీదా ఆధారపడదు. కాని ఒకసారి కాల్చి మళ్ళీ మందు కూరేలోగా ఎదుటివాడు ఎన్నోసార్లు కాలుస్తాడు. స్వతంత్రమైనది బలహీనం, బలమైనది పరాధీనం. ఈ రెంటిలో ఒకదానిని ఎంచుకోవలసి రావడమే ఆ పోరాటాలన్నిటి కష్టం.

ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ దినోత్సవ కవాతుతో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు పలికారు. ఆ వార్త చదివినప్పుడు మా బడి వరండా గుర్తుకు వచ్చింది. ఆ కానిస్టేబులు తుపాకిలో తూటాలు ఉన్నాయో లేదో మాకెవరికీ తెలియదు. ఆ కొలత తూటా ఊళ్ళో ఇంకెవరి దగ్గరా ఉండకూడదన్న నియమం మాత్రం ఉంది. అతని అధికారమంతా తుపాకిలో ఉందని మేము భయపడ్డాము గాని, అది నిజానికి ఆ మూడంకెలలో ఉంది.